తల్లి వజన్ ఎవరు తూస్తారు?

ఉర్దూలో వజన్ అన్న మాటకి చాలా పనులున్నాయి. బజార్లో తక్కెడలో పడేది వజనే. గజల్లో మిస్రా తూగకపోతే వజన్ తప్పిందంటారు. నలుగురిలో ఒకరి మాట చెల్లితే ఆ మాటకి వజన్ ఉందంటారు. ఉర్దూ మీడియం బడిలో అలిఫ్ బే దిద్ది, డిగ్రీ తెలుగులో చేసి, ఇరవై ఏళ్లుగా ఖమ్మం వార్తలు రాస్తున్న నాకు ఈ మాట ఎక్కువగా వినపడ్డది మాత్రం షాయరీలో కాదు, దవాఖానాల్లో. ‘బచ్చేకా వజన్ కమ్ హై.’ బిడ్డ బరువు తక్కువుంది.

డాక్టరమ్మ ఆ మాట అనగానే పక్కన కూర్చున్న సాస్ కోడలి వైపు చూస్తుంది. ‘తిండి సరిగ్గా తినదు మేడం’ అంటుంది. కొడుకు ఫోన్లోకి తల దించుతాడు. అదే కోయ గూడెం నుంచి వచ్చిన అమ్మాయి అయితే ఆ మాట సిబ్బందే అంటారు: ‘ఎన్నిసార్లు చెప్పినా వినరు సార్, గోలీలు మింగరు.’ మొహల్లాలో అయినా గూడెంలో అయినా హామిలా ఔరత్ మీద పడే ఇల్జాం ఒకటే. బిడ్డ చిన్నగా ఉంటే కసూర్ తల్లిది.

ఆ ఇల్జాం అబద్ధం. కసూర్ ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే మిర్చి చేలల్లో, దోమల గుడిసెల్లో, రెండు రాష్ట్రాల రిజిస్టర్ల నడుమ దొరుకుతుంది. కడుపులో బిడ్డ వజన్ అడిగే ముందు ఆ తల్లి వజన్ ఎవరు తూశారు, ఆమె పళ్లెంలో ఏముందో ఎవరు చూశారు అని అడగాలి. ఈ రాత అందుకే.

ముందు కొన్ని మాటలు సాఫ్ చేసుకుందాం. పుట్టిన బిడ్డ 2.5 కిలోల కంటే తక్కువ తూగితే తక్కువ బరువు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇందులో రెండు రకాల పిల్లలు కలిసిపోతారు. నెలలు నిండకుండా తొందరపడి పుట్టినవాళ్లు ఒక రకం. నెలలు నిండినా కడుపులో పెరగాల్సినంత పెరగనివాళ్లు రెండో రకం. ఇంకో ఫరక్ కూడా ఉంది. తల్లీ తండ్రీ పొట్టివాళ్లయితే బిడ్డ చిన్నగా ఉండొచ్చు, తందురుస్త్‌గానే ఉండొచ్చు. చిన్నగా ఉండటం వేరు, పెరుగుదల ఆగిపోవడం వేరు. ఆగిపోవడమే ఖతరా. మాయ నుంచి రక్తం, ఆక్సిజన్ సరిగ్గా అందక ఎదుగుదల నిలిచిపోయిన బిడ్డ కడుపులోనే ఊపిరి వదిలే ప్రమాదం ఉంది.

బిడ్డ ఎప్పుడు బరువెక్కుతుంది? 28 వారాలకి సుమారు ఒక కిలో ఉంటుంది. నెలలు నిండేసరికి మూడు కిలోల దాకా వస్తుంది. అంటే బరువులో మూడింట రెండు వంతులు చివరి మూడు నెలల్లోనే పడుతుంది. ఆ మూడు నెలలూ తల్లి ఎక్కడుంది, ఏం తిన్నది, ఎంత నడిచింది, జ్వరం వచ్చిందా, ఎన్ని గంటలు ఎండలో వంగి పని చేసింది అన్నదే అసలు సవాల్.

ఇక లెక్క తేల్చాలంటే నెల తెలియాలి. స్కాన్‌లో ‘వెయిట్ తక్కువ’ అని వచ్చినప్పుడు సగం గొడవ తారీఖు దగ్గరే ఉంటుంది. మా ఇళ్లలో ఇప్పటికీ ‘షాబాన్ చాంద్ కనపడ్డాక తప్పింది’ అని చెప్పే ఖాలాలున్నారు. కోయ అక్కలు ‘భూమి పండుగకు ముందు’ అంటారు. ఎవరి కేలండర్ వాళ్లకి సహీనే. కానీ మూడు వారాలు అటూ ఇటూ అయితే, బాగా పెరుగుతున్న బిడ్డ కూడా కాగితం మీద కమ్జోర్ అయిపోతుంది, నిజంగా ఆగిపోయిన బిడ్డ బాగానే ఉన్నట్టు కనపడుతుంది. అందుకే 24 వారాలలోపు ఒక్క స్కాన్ అయినా చేయాలని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మొదటి నెలల స్కాన్ తారీఖుని పక్కా చేస్తుంది. ఎనిమిదో నెలలో మొదటిసారి తీసిన స్కాన్ ఆ పని చేయలేదు.

స్కాన్ చెప్పే వజన్ కూడా తక్కెడ వజన్ కాదు, అందాజా. తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలిచి సూత్రంలో వేసి తీసిన లెక్క. పదీ పదిహేను శాతం అటూ ఇటూ ఉంటుంది. రెండు కిలోలు అని రాసి ఉంటే 1.7 కావచ్చు, 2.3 కావచ్చు. అందుకే ఒక్క స్కాన్ చూసి ఘబ్రాయించడం గానీ, వారం తిరక్కుండానే మళ్లీ స్కాన్ చేయించుకుని ‘పెరగలేదు’ అని ఏడవడం గానీ అనవసరం. రెండు వారాలైనా ఆగి కొలిస్తేనే పెరుగుదల తెలుస్తుంది. అనుమానం గట్టిగా ఉంటే డాప్లర్‌తో బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతోందో చూస్తారు. ఆగిపోయిన బిడ్డని లోపలే ఉంచాలా, బయటికి తీయాలా అన్న ఫైసలాకి డాక్టర్లు ఎక్కువగా నమ్ముకునేది దాన్నే.

అడవిలో డాప్లర్ ఎక్కడిది అంటారా? నిజమే. కానీ అడవిలో టేపు ఉంది. దర్జీ మెడలో వేలాడే టేపు లాంటిదే. పొత్తికడుపు ఎముక నుంచి గర్భసంచి పైఅంచు దాకా కొలిస్తే, 24 వారాలు దాటాక ఎన్ని వారాలో దాదాపు అన్ని సెంటీమీటర్లు రావాలి. మూడు సెంటీమీటర్లు తక్కువొస్తే, లేదా రెండు విడతల మధ్య కొలత కదలకపోతే పెద్దాసుపత్రికి పంపాలి. కరెంటు అక్కర్లేదు, నెట్‌వర్క్ అక్కర్లేదు. ఒకే చేయి ప్రతిసారి కొలిచి, కార్డులో రాసి, కిందటిసారితో పోల్చాలి, అంతే. టేపు చూడని చిన్న బిడ్డలు ఉంటారు, అది పూర్తి జవాబు కాదు. కానీ వాగు దాటి వెళ్లే ఏఎన్ఎం అమ్మ చేతిలో అంతకంటే సస్తా హత్యారం లేదు. నేను చూసిన కార్డుల్లో బీపీ గడి నిండి ఉంటుంది, గోలీల గడి నిండి ఉంటుంది. పొట్ట ఎత్తు గడి చాలాసార్లు ఖాళీ.

టౌన్లో కథ ఇంకో తీరుగా ఉంటుంది. మా బంధువుల కోడలికి ఏడో నెలలో ‘గ్రోత్ లేదు’ అన్నారు. మూడు రోజులు అమైనో యాసిడ్ సీసాలు ఎక్కించారు, ఒక పొడి ప్యాకెట్లు రాశారు, పెద్ద ప్రొటీన్ డబ్బా చేతిలో పెట్టారు. ఆ ఇంటి మగాయన ఆటో నడుపుతాడు. వారం కమాయీ ఒక్క బిల్లుకి పోయింది. మాయలో లోపం వల్ల పెరుగుదల ఆగితే సీసాలు ఎక్కించి పెంచొచ్చని గట్టి సబూత్ ఏదీ లేదు. తిండి తక్కువైన సమాజాల్లో గర్భిణులకి ప్రొటీన్ మరీ ఎక్కువున్న సప్లిమెంట్లు ఇవ్వొద్దని అదే 2016 మార్గదర్శకాల్లో ఉంది. ఇవ్వమని చెప్పింది సమతుల ఆహారం. అన్నమో రొట్టెనో, పప్పు, గుడ్డు, పాలు, నూనె, ఆకుకూర కలిసిన పళ్లెం. ఆ డబ్బా ఖర్చుతో ఎన్ని రోజుల గుడ్లు, పాలు, పప్పు వచ్చేవో మన ఆడవాళ్లే లెక్కేసి చెప్తారు.

ఇప్పుడు అడవి అంచుకి పోదాం. ఈ నేలకి సర్హద్ మారడం కొత్త కాదు. 1860లో నిజాం ఈ ఇలాఖాని అంగ్రేజులకి వదిలాడు. మద్రాసు రాష్ట్రం కింద, తర్వాత తూర్పు గోదావరి కింద ఉన్న భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో పోలవరం పేరుతో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఊరు ఇటు, ఊరి చుట్టు పల్లెలు అటు. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. 2022లో అవతల చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, ఎటపాక అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి చేరాయి. ఇంకొంచెం దూరం పోతే ఛత్తీస్‌గఢ్ కుంట, ఆ పక్కనే ఒడిశా మల్కాన్‌గిరి.

హమల్ మాత్రం ఒకటే. నొప్పులొస్తే చింతూరు వైపు వాళ్లూ, కుంట వైపు వాళ్లూ చూసేది భద్రాచలం ఏరియా ఆసుపత్రి వైపే. అక్కడ డాక్టర్లు రాష్ట్రం అడిగి పురుడు పోయరు, ఆ మాట వాళ్ల గురించి చెప్పాలి. చిక్కు కాన్పు రోజున లేదు, అంతకు ముందున్న తొమ్మిది నెలల్లో ఉంది. గుడ్డు ఒక రాష్ట్రం ఖాతాలో, స్కాన్ ఇంకో రాష్ట్రం దవాఖానాలో, మలేరియా పరీక్ష ఎవరి రిజిస్టర్లోనూ లేదు. రెంటికి చెడ్డ రేవడి అంటారే, ఆ కార్డు అలా తయారవుతుంది.

మిర్చి కోతల్లో ఒకసారి ఖమ్మం అవతల ఒక చేను గట్టు మీద మాట్లాడాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏజెన్సీ నుంచీ, ఛత్తీస్‌గఢ్ నుంచీ ముఠాలు ముఠాలుగా వస్తారు. చేను పక్కనే పట్టాలు కట్టుకుని ఉంటారు. అందులో ఒకామెకి ఏడో నెల. తెల్లారగట్ల నుంచి వంగి కాయ కోస్తోంది. అంగన్‌వాడీకి పోయావా అమ్మా అంటే ముఠా మేస్త్రీ హిందీలోకి తిప్పి చెప్పాడు. ఆమె జవాబు కూడా అతనే చెప్పాడు: ‘కార్డు ఊళ్లో ఉందంట అన్నా. ఇక్కడ పేరు లేదు, గుడ్డు ఎట్లిస్తరు?’ పొద్దున ఏం తిన్నావు అంటే ముందు రోజు అన్నం, కారం. ఆ చేనుకి కిలోమీటరు దూరంలో అంగన్‌వాడీ ఉంది. అందులో ఆ రోజు పప్పన్నం, గుడ్డు ఉన్నాయి. ఆ కిలోమీటరు మీదే నా ఫిర్యాదు.

సల్వాజుడుం రోజుల్లో, 2005 తర్వాత, ఆ గొడవలకి బెదిరి వచ్చి మన అడవుల్లో గుడిసెలేసుకున్న గుత్తికోయల సంగతి ఇంకా కష్టం. ఇక్కడ వాళ్లకి గిరిజన హోదా లేదు, చాలామందికి భూమి పట్టా లేదు. గుడిసె ఉన్నచోటే అక్రమం అంటారు. ఉన్నదే లేదన్నప్పుడు ఆ గుడిసెలో హామిలా ఉందని ఎవరు రాస్తారు?

అడవిలో బిడ్డని చిన్నబుచ్చేవి ఏమిటో వరసగా చెప్తాను. మొదటిది ఖూన్ కీ కమీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తం తక్కువ. సగానికి మించి అంటే ఇది ఒక ఆడమనిషి బద్ధకం కాదు, సమాజం బీమారీ. ఐరన్ గోలీ 180 రోజులు మింగమంటారు. ఖాళీ కడుపున మింగితే వాంతి, చాయ్‌తో మింగితే ఒంటికి పట్టదు. ఈ రెండు ముక్కలు ఆమె భాషలో చెప్పేవాళ్లుండాలి. కోయలో, గోండిలో చెప్పాలి, అవసరమైతే మా దక్కనీలో చెప్పాలి. ‘వినరు సార్’ అనే ముందు, వినపడేలా చెప్పామా అని చూసుకోవాలి.

రెండోది మలేరియా. పదేళ్ల కిందటి కంటే తగ్గింది, షుకర్. కానీ ఫాల్సిపారం పురుగు గర్భిణిలో మాయలో దాక్కుంటుంది. వేలు గుచ్చి తీసిన చుక్కలో కనపడకపోవచ్చు, పెద్ద జ్వరమూ ఉండకపోవచ్చు. లోపల మాత్రం బిడ్డకి పోయే దారి మూసుకుంటుంది. మూడోది సికిల్ సెల్. ఆ జబ్బున్న తల్లికి కాన్పు గండమే, బిడ్డ బరువు తగ్గే ముప్పు ఎక్కువ. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో ప్రధాని దీని నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు, 2047 గడువు. కార్డులు పంచడం మంచిదే. పరీక్ష ఫలితం కాన్పు చేసే డాక్టర్ చేతికి చేరితేనే ఆ కార్డుకి విలువ.

నాలుగోది వయసు. అదే సర్వేలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే నికాహ్ లేదా పెళ్లి అయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రలో 29.3 శాతం. తన ఒళ్లే ఇంకా పెరగాల్సిన పిల్ల, కడుపులో ఇంకో ఒంటిని పెంచాలి. పళ్లెం ఒకటి, వాటా రెండు. మామూలు వజన్ ఉన్న తల్లి తొమ్మిది నెలల్లో పది పన్నెండు కిలోలు పెరగాలి. బక్క ప్రాణం అయితే ఇంకా ఎక్కువ పెరగాలి. నలభై కిలోలు కూడా లేని పిల్ల ఎంత పెరిగిందో నెల నెలా ఎవరు చూస్తున్నారు?

ఐదోది మన నమ్మకాలు. ‘ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది’ అని తిండి తగ్గించే అలవాటు తెలుగు నేలంతా ఉంది, మా ఇళ్లలోనూ ఉంది. బొప్పాయి వద్దు, గుడ్డు వేడి, పెరుగు చలవ అని ఒక్కొక్కటే దస్తర్‌ఖాన్ మీద నుంచి తీసేస్తాం. అందరూ తిన్నాక మిగిలింది బహూ తింటుంది. అదే బిడ్డ వాటా. మా ఇళ్లలో జర్దా పాన్, గూడెంలో చుట్ట, రెండూ మాయలో రక్తనాళాలని ముడుచుకునేలా చేస్తాయి. తునికాకు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వేసవిలో మన అడవిలో కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఎండలో ఆకు కోస్తారు. అదే ఆకుతో నిజామాబాద్ వైపు ఇంకో పేద ఆడమనిషి, ఎన్నోసార్లు మా బిరాదరీ ఆడమనిషి, పొగాకు దుమ్ములో కూర్చుని బీడీలు చుడుతుంది. ఆకు మొదట్లో ఒక హమల్, చివర్లో ఇంకో హమల్.

రమ్‌జాన్ గురించి ఒక్క మాట. కడుపుతో ఉన్న ఆడమనిషి తనకో బిడ్డకో ముప్పు ఉందనుకుంటే రోజా వదిలేసే రుఖ్సత్ షరియత్‌లోనే ఉంది, తర్వాత తీర్చుకోవచ్చు. బిడ్డ పెరగడం లేదని డాక్టర్ చెప్పాక కూడా ‘లోగ్ క్యా కహేంగే’ అని సహెరీకి లేచే అమ్మాయిలున్నారు. దీన్ ఇచ్చిన ఆసానీని మొహల్లా ఎందుకు లాక్కోవాలి? ఇమాం సాబులు జుమ్మా బయాన్‌లో ఈ సంగతి చెప్తే సగం బరువు దిగుతుంది.

తిండి పెడితే నిజంగా ఫాయిదా ఉంటుందా అని అడిగేవాళ్లకి సబూత్ మన దగ్గరే ఉంది. 1987-90 మధ్య హైదరాబాద్ పరిసరాల్లోని 29 ఊళ్లలో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఒక పని చేశారు. కొన్ని ఊళ్లలో గర్భిణులకీ, చిన్నపిల్లలకీ రోజూ అదనపు ఆహారం అందింది, మిగతా ఊళ్లకి ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్లవాళ్లయ్యాక మళ్లీ కొలిచారు. ఆ నతీజా 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. తిండి అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, ఇన్సులిన్‌కి వాళ్ల ఒళ్లు మెరుగ్గా స్పందించింది, నాళాల బిరుసుతనం తక్కువుంది. కడుపులో పడ్డప్పటి నుంచి అందిన తిండి పదహారేళ్ల తర్వాత కూడా ఒంట్లో గవాహీ ఇస్తోందన్నమాట.

ఇంగ్లండ్‌లో డేవిడ్ బార్కర్ 1989లోనే పాత కాన్పు రిజిస్టర్లు తిరగేసి, చిన్నగా పుట్టినవాళ్లు పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువ చనిపోతున్నారని చూపించాడు. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం, మన పిల్లలు సుమారు 2.7 కిలోలతో సన్నగా పుట్టినా కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని తేల్చింది. నలభై ఏళ్లకే షుగర్ ఎందుకొస్తోందని మనం బిర్యానీని తిడతాం. ఆ లెక్క అమ్మ కడుపులోనే మొదలైంది కావచ్చు.

మరి సర్కారు ఏం చేయడం లేదా? చేస్తోంది. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అన్నారు. 2022 డిసెంబర్‌లో రక్తహీనత ఎక్కువున్న 9 జిల్లాలకి న్యూట్రిషన్ కిట్ ప్రకటిస్తే అందులో భద్రాద్రి కొత్తగూడెం ఉంది. పథకాలకి కొదవ లేదు. 2013 ఆహార భద్రత చట్టం ఇంకా గట్టిది. గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా బాలింతకీ అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం, ఆరు వేల రూపాయలకి తగ్గని ప్రసూతి సాయం అని రాసింది. అంతకుముందే 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న ఏ ఆవాసమైనా అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలంది.

తెలుగులో మనం రోజూ వాడే హక్కు అన్న మాట మా ఉర్దూ హక్ నుంచి వచ్చిందే. హక్కి, ఖైరాత్‌కి ఫరక్ ఒకటే. ఖైరాత్ ఇచ్చేవాడు నీ మొహం చూసి ఇస్తాడు. హక్ నువ్వు ఎవరైనా సరే నీదే. చేను గట్టు మీది ఆ ఏడో నెల తల్లికి గుడ్డు ఖైరాత్ కాదు. ఆమె పేరు ఏ రాష్ట్రం రిజిస్టర్లో ఉందన్నది ఆమె తలనొప్పి కాకూడదు.

అందుకే అడుగుతున్నా. ఏఎన్ఎంల చేతికి టేపు ఇచ్చి, ప్రతి తనిఖీలో పొట్ట ఎత్తూ తల్లి బరువూ రాయించండి. ఖాళీ గడి కనపడితే సూపర్‌వైజర్ అడగాలి. రెండు రాష్ట్రాల ఐటీడీఏలు కూర్చుని, ఒకరి కార్డుని ఒకరు ఒప్పుకోండి. భద్రాచలంలో స్కాన్ అయితే చింతూరు ఆశా అమ్మకి ఖబర్ పోవాలి. మిర్చి కోతల మూడు నెలలూ, తునికాకు రోజుల్లోనూ అంగన్‌వాడీ భోజనం చేను దగ్గరికి పోవాలి. పేరు తర్వాత రాసుకోవచ్చు, ముందు పళ్లెం పెట్టండి. రక్తం తీసిన ప్రతిసారీ మలేరియా చూడండి, సికిల్ సెల్ ఒక్కసారైనా చూడండి. వాగులు పొంగే నెలల్లో కాన్పు తారీఖు ఉన్నవాళ్లని ముందే తెచ్చి ఉంచుకోవాలి. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు దారులన్నీ తెగిపోవడం చూశాం. విజయనగరం వైపు సాలూరులో కొండల మీది గర్భిణులకి వసతి గృహం పెట్టి కాన్పు దాకా తిండి, పరీక్షలు చూసుకుంటున్నారు. అక్కడ అయ్యేది ఇక్కడ ఎందుకు కాదు? ఇంటి దగ్గర చిన్నపిల్లలున్న తల్లి వాళ్లని కూడా తెచ్చుకునేలా ఉండాలి, లేకపోతే ఆమె రాదు. పోగొట్టుకున్న కూలీ ఎవరిస్తారో కూడా చెప్పాలి, లేకపోతే మొగుడు పంపడు.

ఇంట్లోవాళ్లకి కూడా కొంత జిమ్మేదారీ ఉంది. ప్రతి నెల 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ప్రత్యేకంగా ఉచిత పరీక్షలుంటాయి, పట్టుకుపోండి. చివరి మూడు నెలల్లో రోజుకి ఒక పూట అదనంగా తిననివ్వండి, మధ్యాహ్నం రెండు గంటలు పడుకోనివ్వండి. బిడ్డ కదలిక తగ్గిందని ఆమె అంటే ‘తెల్లారి చూద్దాం’ అనకండి. తలనొప్పి, కళ్లు మసకలు, మొహం వాపు ఉంటే బీపీ పెరిగి ఉండొచ్చు, బిడ్డకి అందే రక్తం తగ్గేది దానితోనే. అదే రాత్రి బండి కట్టండి.

చిన్నగా పుట్టినంత మాత్రాన బాజీ ఓడిపోయినట్టు కాదు. 1978 నుంచి కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక బిడ్డల్ని తల్లి రొమ్ముకి ఆనించి కట్టారు. అదే కంగారూ సంరక్షణ. కిలో నుంచి 1.8 కిలోల మధ్య పుట్టిన బిడ్డల్ని, స్థిమితపడే దాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనిస్తే మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో వచ్చిన పెద్ద పరిశోధన చెప్పింది. మన దేశమూ అందులో ఉంది. తల్లి ఒంటి వెచ్చదనం, తల్లి పాలు, చేతులు కడుక్కున్న మనుషులు. మూడింటికీ బిల్లు రాదు. తండ్రి కూడా చొక్కా విప్పి బిడ్డని గుండెకి ఆనించుకోవచ్చు. షరమ్ పడాల్సింది అందులో ఏమీ లేదు.

మీ ఇంట్లో, మీ వాడలో, మీ చేలో పని చేసే ముఠాలో కడుపుతో ఉన్న ఆడమనిషి ఎవరైనా ఉంటే ఈ వారం ఆమె కార్డు అడిగి చూడండి. పొట్ట ఎత్తు గడిలో, బరువు గడిలో ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టండి. ఖాళీగా ఉంటే ఆమెని ఏమీ అనకండి. ఆ కార్డు పట్టుకుని మీరే ఆమెతో పాటు సబ్‌సెంటర్‌కి నడవండి, ఎందుకు రాయలేదో అడగండి. కార్డే లేకపోతే ఇంకా ముందే నడవండి.